నోట్లో గుండుసూదులు

"ఒకవేళ పిల్లని పట్టుకుపోతే?"

ఈ మాట టైలరమ్మ ఎవరినీ అడగలేదు. ఇస్త్రీపెట్టె కింద ఆవిరి కక్కుతున్న ఎవరిదో ప్యాంటుని అడిగింది. అయినా గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటున్న భర్త చెవిన పడనే పడింది.

"ఎవరే పట్టుకుపోయేది?"

"పన్నులవాళ్ళు."

"పట్టుకుపోయి ఏం చేసుకుంటారు? గాజు ఎందుకు పగులుతుందో చెప్పించుకుంటారా?" అన్నాడాయన. "తప్పు జరిగితే కట్టమంటారు, కడతాం. అంతేగా?"

"అంతేగా అంటే అంతే అయిపోతుందా? చదువు ఆపేయిస్తారేమో. పట్టా ఇవ్వరేమో. రేపు ఉద్యోగానికి వెళ్తే, నువ్వు పన్ను ఎగ్గొట్టినదానివి కదూ అని మొహం మీదే తలుపేస్తే?"

"నేను రోజూ లిఫ్టు పెట్టె నెత్తిమీద నిలబడి పనిచేస్తాను. కింద చూస్తే పాతాళం. నాకోసం ఎప్పుడైనా ఇంత బెంగపడ్డావా?"

"పడ్డాను. పడీ పడీ మీరు అలవాటైపోయారు. ఇది కొత్త బెంగ."

ఆయన నవ్వుకుంటూ పనిముట్ల సంచీ భుజాన తగిలించుకుని వెళ్ళిపోయాడు. మెట్లమీద అడుగుల చప్పుడు ఆగాక టైలరమ్మ ఇస్త్రీపెట్టె నిలబెట్టి కుర్చీలో కూలబడింది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమెకి కీడెంచడంతోనే పొద్దుగూకిపోతుంది, మేలుదాకా ఎన్నడూ రాదు. కూతురు ఆలస్యంగా వస్తే బస్సు బోల్తాపడిందనుకుంటుంది. పెందలాడే వస్తే బయటికి గెంటేశారనుకుంటుంది. ఈ సంగతి తెలిసి ఇరుగుపొరుగూ నవ్వుతారు, కట్టుకున్నవాడూ నవ్వుతాడు. కానీ ఈసారి ఆ బెంగకి అడుగున మరొకటి ఉంది. దాన్ని బెంగ అనరు. అది ఆయనకి తెలియదు.

మనకి తెలుసు. కిందటి వారం చెప్పుకున్న కథలో ఆ ఫోన్ మోగినప్పుడు మనం ఆమె కుట్టుకొట్లోనే ఉన్నాం. ఇవాళే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం ఆ సంగతి మళ్ళీ నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం.

బుల్లి వాళ్ళకి ఒక్కగానొక్క కూతురు. పిలుపుకి బుల్లిగానీ చదివేది చదువులన్నిటికన్నా పెద్ద చదువు. గాజు ఎందుకు పగులుతుందన్నది ఆమె పరిశోధన. "చెయ్యి జారితే పగులుతుంది. ఇది చెప్పడానికి ఇన్నేళ్ళా?" అని తల్లి మొదట్లో అడిగింది కూడా. ఆ మొదటి రోజుల్లో బుల్లి కింది తరగతుల పిల్లలకి పాఠాలు చెప్పేది. దానికి విశ్వవిద్యాలయం స్టైపెండ్ ఇచ్చేది. జీతంలాగే అందులో పన్ను కోసుకుని, మిగిలింది చేతికిచ్చేవాళ్ళు. తరవాత, రెండేళ్ళ కిందట, బుల్లికి ఫెలోషిప్ వచ్చింది. పాఠాలు చెప్పక్కర్లేదు, పరిశోధన చేసుకుంటే చాలు.

ఆ వారంలోనే కొట్లో ఫోన్ మోగింది. విశ్వవిద్యాలయంలో జీతాలు చూసే ఆవిడ. బుల్లి ఆవిడని జీతాల మేడమ్ అంటుంది. "మీ అమ్మాయి ఫోన్ ఎత్తడం లేదండీ, అందుకని ఇంటి నంబరుకి చేశాను. ఈ ఫెలోషిప్‌లో మేం పన్ను కొయ్యం. ఆమే విడిగా తీసిపెట్టుకుని, మూడు నెలలకోసారి కట్టుకోవాలి. మరిచిపోకుండా చెప్పండి. ఒకసారి నా దగ్గరికి రమ్మనండి" అంది. అప్పుడు టైలరమ్మ ఒకావిడ కోటు చేతులు పొట్టి చెయ్యడానికి మడిచి సూదులు గుచ్చుతోంది. నోట్లో గుండుసూదులు. పెదవులు విప్పకుండానే "ఊఁ" అంది. మీరు వాళ్ళమ్మగారేనా? ఊఁ. నోట్లో సూదులా, కుడుతున్నారా? ఊఁ. చెప్తారుగా? ఊఁ.

చెప్పలేదు.

బుల్లికి అదే వారంలో పెద్ద పరీక్ష. అది గట్టెక్కితేనే పరిశోధన ముందుకి సాగుతుంది. పరీక్ష అయ్యేదాకా ఆ ఇంట్లోకి చెడ్డకబురు రాకూడదు. అది టైలరమ్మ పెట్టిన చట్టం. సరే, పరీక్ష అయింది. ఫెలోషిప్ డబ్బు నిండుగా, ఎక్కడా తరుగు లేకుండా చేతికొచ్చింది. బుల్లి ఒక్క మాటైనా చెప్పకుండా ఓవర్‌లాక్ మిషన్ కొని, మనుషుల చేత మోయించుకొచ్చి, కొట్లో కిటికీ పక్కన పెట్టించింది. "ఇకనుంచి బట్ట అంచులు చేత్తో చుట్టక్కర్లేదమ్మా" అని ప్లగ్గు పెట్టి చూపించింది. ఆ మొహం చూస్తూ, ఇందులో కొంత మనది కాదే తల్లీ అనడానికి ఏ తల్లికి నోరొస్తుంది? రేపు చెప్దాం అనుకుంది. రేపన్నదానికి రూపు లేదన్నారు. ఆ రేపు రెండేళ్ళు సాగింది.

ఇప్పుడు పన్నులశాఖ నుంచి నోటీసు వచ్చింది. పన్ను, దానిమీద వడ్డీ, ఆపైన జరిమానా. బుల్లి తిన్నగా తన విభాగం హెడ్డుగారి దగ్గరికెళ్ళి, నాకు ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదని ఫిర్యాదు రాసిచ్చింది. జీతాల మేడమ్ తను ఫోన్ చేశానంది. ఎవరికి చేశావు, ఎవరు ఎత్తారు అని హెడ్డుగారు గద్దిస్తే మాత్రం నోరు మెదపలేదట.

అదీ కథ. మాట మింగినావిడ ఇక్కడ ఇస్త్రీ చేసుకుంటోంది. మాట చెప్పినావిడ అక్కడ నింద మోస్తోంది.

*

ఆ సాయంత్రం పన్నుల మాస్టారి దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళేలోగా చెప్పెయ్యాలని టైలరమ్మ పొద్దున్నే గట్టిగా అనుకుంది. బుల్లి కొట్లో అడుగుపెట్టగానే ముందు మంచినీళ్ళివ్వాలి. తాగేదాకా ఆగాలి. గ్లాసు కింద పెట్టగానే, "బుల్లీ, ఆ ఫోన్ నేనే ఎత్తానమ్మా" అనాలి. ఇన్ని బట్టలు కొలిచిన మనిషి, ఈ ఒక్క వాక్యాన్ని పొద్దుటినుంచీ కొలుస్తూనే ఉంది. ఒకసారి పొడుగైపోతుంది, ఒకసారి కురచైపోతుంది. మనిషికి మాత్రం సరిపోదు.

రోజంతా ఓవర్‌లాక్ మిషన్ మీద గుడ్డ తియ్యలేదు. స్కూలు లాగుల అంచులన్నీ పాతకాలంలోలా చేత్తో చుట్టుకుంటూ కూర్చుంది. ఎదురు కొట్టు చెప్పులాయన తొంగిచూసి, "ఏం టైలరమ్మా, అంత మిషన్ పెట్టుకుని చేత్తో కుడుతున్నావేం?" అన్నాడు.

"దానికి ఒంట్లో బాగోలేదు."

"మిషన్‌కా? నీకా?"

ఆమె దారం పంటితో కొరికింది.

బుల్లి వచ్చేసరికి ఎండ ఇంకా గోడమీదే ఉంది. మొహం మాడిపోయి ఉంది. భుజానికి సంచీ, చేతిలో గోధుమరంగు కవరు. తల్లి మంచినీళ్ళిచ్చింది. బుల్లి గుటక వేసి గ్లాసు కింద పెట్టింది.

"ఏమైందే? మొహం అలా ఉందేం? ఎవరైనా ఏమన్నా అన్నారా? జ్వరమా?"

"ఏం లేదమ్మా. పద, మాస్టారు వెళ్ళిపోతారు."

"అది కాదే, నేనొకటి..."

"దారిలో చెబుదువుగాని."

దారిలో బుల్లి ముందు, తల్లి వెనక. రోడ్డు మీద సందడి. వెనకనుంచి వీపుకి చెప్పే మాటా అది? టైలరమ్మ నోరు తెరవలేదు. కొట్టు మూసే తొందరలో మెడలో వేలాడుతున్న కొలత టేపు తియ్యడం కూడా మరిచిపోయింది.

పన్నుల మాస్టారిది తాళాలు చేసే కొట్టు మీద మేడగది. పూర్వం లెక్కలు చెప్పేవాడు. రిటైరయ్యాక, లెక్కలు తప్పినవాళ్ళే తన దగ్గరికి వస్తున్నారని చెప్పుకుంటాడు. గదిలో కాయితాల కట్టలు, ఒక పిప్పరమెంటు సీసా, కాలు విరిగి ఇటుక మీద నిలబడ్డ బల్ల. కింద తాళంచెవి అరగదీస్తున్నప్పుడల్లా కీచుమని గది గదంతా అదురుతుంది. అప్పుడు మాస్టారు వేలెత్తి పట్టుకుంటాడు. చప్పుడు ఆగేదాకా ఎవరూ మాట్లాడకూడదు.

"పన్ను కట్టాల్సిందెవరు?" అన్నాడు ఇద్దర్నీ చూసి.

"నేనండీ."

"మరి ఈవిడ మొహం అలా ఉందేం?"

"మా అమ్మ మొహం ఎప్పుడూ అంతేనండీ."

ఆయన నోటీసు తిరగేసి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "ఏటేటా లెక్క చూపించలేదా?"

"స్కాలర్‌షిప్‌కి పన్నుండదని అనుకున్నానండీ. ల్యాబ్‌లో అందరూ అలాగే అన్నారు."

"అందరూ అన్నారా! అందరూ కట్టడానికి రాలేదేం మరి?" అని, మళ్ళీ మెత్తబడ్డాడు. "సగం నిజమేలే. నీ ఫీజు కింద పోయినదానికి పన్ను లేదు. చదువుకి కావాలని వాళ్ళు రాసిచ్చిన పుస్తకాలకీ, సామానుకీ లేదు. ఇంటద్దె, తిండి, బస్సు, బట్టలు... అంటే నువ్వు బతకడానికి ఇచ్చారే, దానికి ఉంది."

"చదువుకోమనే కదండీ ఇచ్చారు?" అంది టైలరమ్మ ఉండబట్టలేక. "చదువుకునే పిల్ల తినదా?"

"తింటుందమ్మా. ఆ తిన్నదానికే పన్ను."

"మరి ఇదివరకు..."

"ఇదివరకు పాఠాలు చెప్పింది. అది జీతం కింద లెక్క. ఇచ్చేవాళ్ళే ముందు కోసుకుని ఇచ్చారు." ఆయన చూపు ఆమె మెడలో టేపు మీద పడింది. "మీరు కుడతారా? మంచిది. బట్ట కత్తిరించేటప్పుడు కుట్టులోకి కొంత వదులుతారు కదా? అది పైకి కనబడదు, తొడుక్కునేవాడికి పనికిరాదు. కానీ వదలకపోతే బట్ట నిలవదు. ఇన్నాళ్ళూ అది విశ్వవిద్యాలయంవాళ్ళే వదిలి, మిగతాది మీకిచ్చారు. ఫెలోషిప్ వచ్చాక బట్ట తాను మొత్తం మీ చేతికిచ్చారు. వదలాల్సింది మీరు. మీ అమ్మాయి మొత్తం తనదే అనుకుని అంచుదాకా కత్తిరించేసింది."

టైలరమ్మకి ఇంతకన్నా ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. జీతాల మేడమ్ ఫోన్లో చెప్పిందీ ఇదే. ఆ మాటా ఈ మాటా ఒకే బట్టలోంచి కోసినట్టున్నాయి. కిటికీ పక్కన గుడ్డకప్పుకుని కూర్చున్న మిషన్ కళ్ళముందు మెదిలింది. కుట్టులోకి వదలాల్సిన బట్టంతా అలా మిషనై వచ్చి తన కొట్లో కూర్చుంది.

"జైలుకేమైనా..." అంది చిన్నగా.

"అమ్మా!" అంది బుల్లి.

"జైలుకెళ్ళాలంటే ఇంకా చాలా కష్టపడాలమ్మా," అన్నాడు మాస్టారు పిప్పరమెంటు నోట్లో వేసుకుంటూ. "తెలియక కట్టకపోవడం వేరు, తెలిసి దాచడం వేరు. చట్టం కోపమంతా దాచినవాళ్ళ మీదే. మీ అమ్మాయి ఏమీ దాచలేదుగా?"

"లేదండీ," అంది టైలరమ్మ. "అది దాచలేదు."

కింద తాళంచెవి కీచుమంది. మాస్టారు వేలెత్తాడు. ఆ చప్పుడు ఆగకపోతే బాగుండునని ఆమె మనసులో అనుకుంది. ఆగింది.

"సంగతేమిటంటే, పన్ను తప్పదు. వడ్డీ కూడా తప్పదు. వాయిదాల మీద కట్టుకోవచ్చు, నేను రాస్తాను. ఇక మిగిలింది ఈ జరిమానా. దీన్ని రద్దు చెయ్యమని అడగొచ్చు. తగిన కారణం చూపాలి. నాకు తెలియదంటే కారణం కాదు. నాకు చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదంటే కారణం. చెప్పలేదని వాళ్ళే ఒప్పుకుంటే మరీ మంచిది."

బుల్లి గోధుమరంగు కవరు బల్లమీద పెట్టింది. మాస్టారు అందులోంచి కాయితం తీసి, ముందు తనలో తను, తరవాత పైకి చదివాడు.

"'సదరు విద్యార్థినికి సమాచారం అందజేయుటలో జీతాల విభాగపు ఉద్యోగిని నిర్లక్ష్యము వహించినట్లు విచారణలో తేలినది.' ఓహో! కింద హెడ్డుగారి సంతకం, స్టాంపు. బంగారమమ్మా ఇది, బంగారం! ఇది జతచేస్తే జరిమానా గాలికి ఎగిరిపోతుంది. ఇంచుమించు మీ ఏడాది ఇంటద్దె మిగిలినట్టే. ఎలా సంపాదించావు?"

"ఇవాళ మధ్యాహ్నం ఇచ్చారండీ," అంది బుల్లి. ఆ గొంతులో సంతోషం లేదు. తల్లి ఆ సంగతి గమనించింది. మిగిలిన పన్నూ వడ్డీ తలుచుకుని దిగులుపడుతోంది కాబోలు అనుకుంది.

మాస్టారు ఒక విన్నపం తీసి బుల్లి ముందుకి జరిపాడు. కలం మూత తీసి ఇవ్వబోతూ ఆగాడు.

"సంతకం పెట్టేముందు ఒక్కమాట. ఇది నా చెయ్యి దాటి వెళ్ళిందంటే వెనక్కి రాదు. ఫోన్ చేశానని ఆ ఉద్యోగిని అన్నట్టు ఈ ఉత్తరంలోనే ఉంది. నీకు రాలేదు, సరే. ఇంట్లో ఇంకెవరికైనా చేసిందేమో? ఆలోచించి చెప్పు."

టైలరమ్మ బల్లకింద ఇటుకని చూసింది. ఆ ఇటుక లేకపోతే బల్ల ఒరిగిపోతుంది. కాయితాలన్నీ జారి కింద పడతాయి. ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడే. నాలుక పైకి లేచింది.

బుల్లి ఈలోగా మాట్లాడేసింది.

"ఇంటి నంబరంటే కొట్టు నంబరేనండీ. అక్కడ ఫోనెత్తేది మా అమ్మే. ఎవరైనా చెప్పి ఉంటే అమ్మ నాకు చెప్పకుండా ఉండదు." కొంచెం ఆగింది. ఆగి, మాస్టారితో చెబుతున్నట్టు తనతో తనే చెప్పుకుంది. "చిన్నప్పుడు ఒకసారి దాచింది. స్కూలు చివరి పరీక్షలప్పుడు మా నానమ్మ పోయింది. ఆఖరి పరీక్ష రాసి బయటికొచ్చాక గేటు దగ్గర చెప్పింది. అప్పటికి అంతా అయిపోయింది. నానమ్మ మొహం కూడా చూడలేదు నేను. చాలా రోజులు అమ్మతో మాట్లాడలేదు. అప్పుడు నా తలమీద చెయ్యిపెట్టి, ఇంకెప్పుడూ నీ దగ్గర ఏదీ దాచనని ఒట్టేసింది." తల్లివైపు తిరిగి అలసటగా నవ్వింది. "భయపడుతుందిగానీ, మా అమ్మ ఒట్టు తప్పదండీ."

మాస్టారు టైలరమ్మని చూశాడు. "ఏమ్మా?"

ఆమె పెదవులు బిగుసుకుపోయాయి. నోట్లో ఏమీ లేదు. అయినా విప్పితే గుచ్చుకుంటుందన్నట్టు విప్పలేకపోయింది.

"ఊఁ," అంది.

బుల్లి సంతకం పెట్టింది. రేపు పొద్దున్నే పంపిస్తానన్నాడు మాస్టారు. వెళ్ళేముందు సీసా మూత తీసి ఇద్దరికీ చెరో పిప్పరమెంటు ఇచ్చాడు. టైలరమ్మ దాన్ని నోట్లో వేసుకోలేదు. గుప్పెట్లో పట్టుకుని మెట్లు దిగింది.

*

బస్సు కోసం నిలబడేచోట ఒక ఇనపబల్ల, నెత్తిన రేకు. చీకటి పడడానికి ఇంకా టైముంది. వీధి దీపాలు మాత్రం తొందరపడి వెలిగాయి. ఇద్దరూ కూర్చున్నారు. బుల్లి చెయ్యి చాచి తల్లి మెడలోంచి కొలత టేపు తీసింది.

"ఊరంతా ఇదేసుకునే తిరిగావా?" అని, వేళ్ళకి చుట్టడం మొదలుపెట్టింది.

ఆ తియ్యడంలో ఎంత మెత్తదనం ఉందంటే, టైలరమ్మకి ఇక ఓర్చుకునే శక్తి పోయింది. తిడితే ఓర్చుకోవచ్చు. ఇది ఓర్చుకోలేం.

"బుల్లీ."

"ఊఁ."

"ఆ ఫోన్ వచ్చిందే."

టేపు చుట్టే వేళ్ళు ఆగాయి.

"కొట్టుకి వచ్చింది. నేనే ఎత్తాను. ఆ మేడమే చేసింది. ఇందాక మాస్టారు చెప్పిందంతా చెప్పింది. పన్ను మేం కొయ్యం, అమ్మాయే తీసిపెట్టుకోవాలి అంది. నాకు అర్థం కాలేదని కూడా చెప్పడానికి లేదు. అర్థమైంది. చెప్తారుగా అని మరీ మరీ అడిగింది. నోట్లో సూదులున్నాయి. ఊఁ అన్నాను." గుప్పెట్లో పిప్పరమెంటుని నొక్కింది. "సూదులు తీసి గిన్నెలో వేశాక కూడా నీకు చెప్పలేదే. అదీ నా తప్పు. నీకప్పుడు పెద్ద పరీక్ష. అయ్యాక చెప్దామనుకున్నాను. అయ్యాక నువ్వు మిషన్ తెచ్చావు. ఆ రోజు నీ మొహం... ఎలా చెప్పనే? తరవాత చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటావని భయం. ఎంత ఆలస్యమైతే అంత భయం. ఇప్పుడు ఆ మాస్టారి ముందు కూడా..."

ఒక బస్సు వచ్చి ఆగింది. తలుపులు బుస్సుమని తెరుచుకున్నాయి. డ్రైవరు వీళ్ళవైపు చూసి, "ఎక్కుతారా?" అన్నాడు. కాసేపు చూసి, తలుపులు మూసుకుని వెళ్ళిపోయాడు.

బుల్లి ఎదురుగా చూస్తోంది. రోడ్డుకి అవతల గాజు తలుపుల దుకాణం. అందులో బల్లమీద కూర్చున్న తల్లీకూతుళ్ళ నీడలు. ఆ గాజునే చూస్తోందో, ఏమీ చూడడం లేదో తెలియదు.

"తిట్టవే. నాలుగు తిట్టు," అంది తల్లి.

బుల్లి టేపు కొసని వేలికి బిగించుకుంది.

"నానమ్మప్పుడు చేసిందే మళ్ళీ చేశాను. నీ తలమీద చెయ్యిపెట్టి ఒట్టేసి మరీ చేశాను. నా అంతటి పాపిష్టిది లేదు, సరేనా? మాట్లాడకపోతే మాట్లాడకు. ఎన్నాళ్ళైనా మాట్లాడకు. కానీ ఒకటి విను." పిప్పరమెంటు గుప్పెట్లో కరిగి వేళ్ళకి అంటుకుంటోంది. "ఆ కాయితం రేపు పొద్దుటిదాకా వెళ్ళదన్నాడుగా. తెల్లారగానే నేనే వెళ్ళి మాస్టారి గుమ్మం ముందు కూర్చుంటాను. ఆపిస్తాను. జరిమానా పడితే పడనీ. మిషన్ అమ్మేస్తాను. చేత్తో కుట్టలేనా ఏం, ఇవాళ కుట్టానుగా? మీ నాన్నకి కూడా చెప్తాను. ఆ మేడమ్ దగ్గరికి వెళ్ళి, తల్లీ తప్పు నాదీ అని, మీ హెడ్డుగారి ముందే చెప్తాను. ఆవిడ మాట అబద్ధం కాదని తెలిస్తే ఆవిణ్ణి ఏమీ అనరు కదా? ఉద్యోగానికేం ఢోకా ఉండదు కదా? చెప్పవే. కదా?"

చెప్పులాయన కొట్టు కట్టేసి వీళ్ళ ముందునుంచే వెళ్తూ చెయ్యెత్తాడు. ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు. మరో బస్సు వచ్చింది, మనుషుల్ని దింపింది, వెళ్ళింది. దిగినవాళ్ళు చెల్లాచెదరై వీధుల్లోకి వెళ్ళిపోయారు. గాజు దుకాణంవాడు లోపల దీపాలు ఆర్పేశాడు. అద్దంలో ఉన్న తల్లీకూతుళ్ళిద్దరూ చెరిగిపోయారు.

టైలరమ్మ తన భయాలన్నీ ఒక్కొక్కటిగా తిరగేసుకుంది. ఇల్లు వదిలిపోతుందేమో. గది వేరే చూసుకుంటుందేమో. అమ్మా అని పిలవడం మానేస్తుందేమో. ఇన్నేళ్ళుగా ఎన్నెన్ని కీడులో ఎంచింది. బస్సులు బోల్తాపడ్డాయి, లిఫ్టు తాళ్ళు తెగాయి, గోడలు కూలాయి. కూతురి పక్కన కూర్చుని కూతురు పలకకుండా ఉండడమన్నది మాత్రం ఒకసారి చూసి కూడా ఆ పట్టీలో రాసుకోలేదు.

బుల్లి వేళ్ళకి చుట్టిన టేపుని మెల్లిగా మొత్తం విప్పింది. మళ్ళీ మొదటినుంచీ, బిగువుగా, నీటుగా చుట్టింది. చుట్టి తల్లి ఒళ్ళో పెట్టింది. అప్పుడు పలికింది. గొంతులో కోపం లేదు. తల్లి ఊహించిన ఏదీ లేదు.

"ఆవిడ ఇవాళ మధ్యాహ్నమే వెళ్ళిపోయిందమ్మా. ఆవిడచేత రాజీనామా రాయించుకున్నాకే హెడ్డుగారు నాకా ఉత్తరం ఇచ్చారు. బల్ల ఖాళీచేసి, కిటికీలో ఉండే పూలకుండీ చంకలో పెట్టుకుని, తిన్నగా నా దగ్గరికొచ్చింది. ల్యాబ్‌లో అందరి ముందూ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. 'అమ్మగారు కులాసాగా ఉన్నారా? ఇంకా కుడుతున్నారా?' అని అడిగింది. అంతే, వెళ్ళిపోయింది. మా అమ్మ కుడుతుందని ఆవిడకెలా తెలుసా అని అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను. ఇప్పుడు తెలిసింది." బుల్లి మొదటిసారి తల్లి కళ్ళలోకి చూసింది. "ఎత్తింది నువ్వేనని ఒక్కమాట చెప్పుంటే ఆవిడ ఉద్యోగం నిలిచేది. ఎందుకు చెప్పలేదమ్మా? నిన్ను కాపాడాల్సిన అవసరం ఆవిడకేం వచ్చింది?"